నాలుగో నంబరు ఔట్

తెల్లగుడ్డ మీద ఎర్రమట్టి ఒక పట్టాన పోదు. బాగా ఎండనిచ్చి, పొడి బ్రష్షుతో దులిపి, ఆ తర్వాతే నీళ్ళు తగలనివ్వాలి. తొందరపడి తడి మీద రుద్దితే నేతలోకి దిగిపోతుంది, ఇక ఆ గుడ్డ జన్మలో తెల్లబడదు. ఇది నాకెవరూ నేర్పలేదు. ఇరవై రెండేళ్ళుగా మా ఇంటి బట్టలన్నీ నా చేతుల మీదుగానే వెళ్తున్నాయి కాబట్టి నాకే తెలిసింది. సోమవారం పొద్దున, షాపుకి వెళ్ళడానికి ఇంకా గంటన్నర ఉందనగా, కుళాయి దగ్గర పీట వేసుకుని మా ఆయన ఆట ప్యాంటు దులుపుతున్నాను. కుడివైపు నడుము నుంచి మడమ దాకా ఒకటే మట్టి. ముందురోజు ఆయన ఆ మట్టిలో జారుకుంటూ వచ్చి సరిగ్గా నా కాళ్ళ ముందు ఆగాడు. కుడి పిడికిలి పైకెత్తి "ఔట్" అన్నది నేనే. ఒక మనిషిని ఔట్ అని, మర్నాడు పొద్దున అతని ప్యాంటు ఉతికే అంపైరు లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. ఆ మాట తోచగానే నవ్వొచ్చింది. ఒక్కదాన్నే కుళాయి దగ్గర కూర్చుని నవ్వుతుంటే వంటింట్లోంచి అత్తయ్య, "ఏమే, సబ్బు ఏమన్నా జోకులు చెప్తోందా?" అంది.

కుడి కాలు అయ్యాక ఎడమ కాలు తిప్పి సబ్బు పెట్టాను. మోకాలికి జానెడు పైన, అరచెయ్యంత మేర, నల్లగా జిడ్డుగా ఒక మరక. ఇది మట్టి కాదు. రెండుసార్లు రుద్దాను, కొంచెం పాకింది తప్ప పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వర్క్‌షాపు నూనె వాసన.

మా లీగులో ఆడేవాళ్ళందరికీ ఆ వాసన తెలుసు. ఆదివారాల సాఫ్ట్‌బాల్ లీగు మాది. ఆఫీసులవాళ్ళు, షాపులవాళ్ళు, బడి టీచర్లు, ఆడా మగా కలిసి సరదాకి ఆడతారు, కానీ ఓడిపోయినప్పుడు మాత్రం సరదాగా ఉండదు. బస్సు డిపో జట్టులో క్యాచర్‌గా ఆడే మెకానిక్కు తన తోలు గ్లవ్వుకి అందరిలాగా షాపులో దొరికే మైనం రాయడు. "తోలు తోలే కదండీ, గేరుబాక్సుకి పనికొచ్చింది దీనికి పనికిరాదా" అని డిపోలోని నూనె పట్టిస్తాడు. అతని గ్లవ్వు తగిలిన ప్రతి బట్ట మీదా అతని గుర్తు ఉండిపోతుంది. పరిగెత్తేవాడు ప్లేటు అనే ఆఖరి గమ్యాన్ని తాకేలోపే, బంతి పట్టిన గ్లవ్వు అతనికి తగిలితే ఔట్. అలా ముందే తగిలింది కాబట్టే మా ఆయన్ని ఔట్ అన్నాను. తగల్లేదని మా ఆయన చేతులూపాడు, వాళ్ళ జట్టంతా అరిచింది, వాళ్ళ కెప్టెన్ అయిన మా ఆయన ఆఫీసు మేనేజరు, "అమ్మా, కళ్ళజోడు కావాలా?" అన్నాడు. నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులోనే.

ఇప్పుడు సాక్ష్యం నా చేతిలో ఉంది. సగం ఉతికేశాను కూడా. ఇంకెవరైనా అయితే ఆ ప్యాంటుని భద్రంగా దాచేవాళ్ళు. సోమవారం కాబట్టి నేను దానికి సబ్బు పెట్టాను. మా ఆయన దాన్ని బట్టలబుట్టలో పడేసినప్పుడు దాచాలని కూడా అనుకుని ఉండడు. నేను ఉతుకుతాననే అనుకుని ఉంటాడు. ఉతికే మనిషి చూస్తుందని ఎవరికీ తోచదు. మిగిలిన సబ్బు నీళ్ళతో కడిగేసి, మరక బయటికి కనిపించేలా తీగ మీద ఆరేశాను.

నేను అంపైరునెలా అయ్యానో చెప్పాలి. అయిదేళ్ళ క్రితం మా అమ్మాయి బడి జట్టులో ఆడేది. దాని వెంట సంచీ, సీసాలు, తువ్వాలు మోసుకుని వెళ్ళి, మెట్ల మీద కూర్చుని కూరగాయలు తరుక్కుంటూ ఆట చూసేదాన్ని. చూడగా చూడగా ఎవరు ఎక్కడ తప్పు చేశారో ఆ అంపైరు కంటే ముందే నాకు తెలిసిపోయేది. ఒకరోజు గోడ మీద అంపైర్ల సంఘం నోటీసు కనిపించింది. సభ్యత్వానికి అర్హతలు రాసి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు నిండాలి. చూపు సరిగ్గా ఉండాలి. రాతపరీక్షలో నూటికి ఎనభై రావాలి. ఏడాదికి ఇరవై ఆటలకి తక్కువ కాకుండా నిలబడాలి. అంతే. నేను రెండోసారి, మూడోసారి చదివాను. ఎవరి అనుమతి కావాలో అందులో ఎక్కడా లేదు.

పరీక్ష రాసి పాసయ్యాక చెప్పాను ఇంట్లో. మా ఆయన నవ్వి, "ఇంట్లో మా మీద అరిచేది చాలక ఊళ్ళో వాళ్ళ మీద కూడానా" అన్నాడు. నేను ఇంట్లో ఎప్పుడు అరిచానో గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అత్తయ్య, "కర్రలు పట్టుకుని పరిగెత్తే మగాళ్ళ మధ్య నీకేం పనే" అంది. ఆ అత్తయ్యే రెండో నెల నుంచి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని నాతోపాటు రావడం మొదలుపెట్టింది. ఇప్పుడు మైదానంలో అందరికంటే పెద్ద గొంతు ఆవిడదే.

ఆ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది తీర్పు చెప్పడం కాదు. నేల మీద అయిదు మూలల తెల్ల రబ్బరు పలక ఉంటుంది, దాన్నే ప్లేటంటారు. దాని మీద మట్టి పడితే అంపైరు ఆట ఆపి, జేబులోంచి చిన్న బ్రష్షు తీసి, వంగి శుభ్రం చెయ్యాలి. ఇంట్లో నేను ఊడుస్తుంటే కాళ్ళెత్తే తీరిక కూడా ఎవరికీ ఉండదు, చీపురు చుట్టూ దాటుకుంటూ వెళ్ళిపోతారు. ఇక్కడ నేను వంగగానే బంతి విసిరేవాడు ఆగిపోతాడు. కర్ర పట్టుకున్నవాడు దించేస్తాడు. పద్దెనిమిది ఇరవై మంది నేను ఊడవడం అయ్యేదాకా నిలబడి చూస్తారు. కొన్నిసార్లు పెద్దగా మట్టి లేకపోయినా ఊడుస్తాను.

ఇంకొకటి, నియమావళి. నీలం అట్ట, నలభై పేజీలు. ఏయే తప్పుకి సభ్యత్వం పోతుందో ముందే రాసిపెట్టారు. చెప్పకుండా మూడు ఆటలకి రాకపోతే. పందేలు కాస్తే. తాగి వస్తే. ఆటగాణ్ణి తిడితే. ప్రతిదానికీ ఒక నంబరు, ఒక శిక్ష, మన మాట చెప్పుకోవడానికి ఒక రోజు. మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే మీరు నవ్వుతారు. ఇంట్లో రోజుకి రెండుసార్లయినా నేను దేనికో ఒకదానికి పనికిరానని తేలుతుంది. ఏ నియమం కిందో చెప్పరు. ఉప్పు ఎక్కువైన నియమమో, ఫోను ఎత్తడం ఆలస్యమైన నియమమో, ఆడపడుచు వచ్చినప్పుడు ముఖం అలా ఎందుకు పెట్టావనే నియమమో. షాపులోనూ అంతే. తొమ్మిదేళ్ళుగా కళ్ళు పరీక్ష చేసి, నంబరు రాసి, అద్దం పెట్టి అక్షరాలు చదివిస్తాను. అన్నీ కనపడ్డాక, "సారు లేరామ్మా? ఒకసారి ఆయన్ని కూడా చూడమనండి" అంటారు. సారు వచ్చి నా కాగితమే చూసి తలూపుతాడు.

అయితే ఆదివారం నాడు జరిగిన తప్పు నాదే. ఔట్ అనడం కాదు, ఇంకొకటి. మా ఆయన జట్టు ఆడే ఆటలకి నేను ఎప్పుడూ నిలబడను, ముందే సెక్రటరీకి రాసిచ్చేస్తాను. ఆ రోజు సెమీఫైనల్‌కి రావాల్సిన అంపైరుకి జ్వరం. ఇంకో పావుగంటలో ఆట అనగా సెక్రటరీ అయిన రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు మెట్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, నువ్వు తప్ప దిక్కులేదు" అన్నారు. మా ఆయనకి నడుంనొప్పి, ఆడటం లేదు, జట్టు బట్టలేసుకుని మెట్ల మీద కూర్చున్నాడంతే, పేరు ఆటగాళ్ళ పట్టీలో లేదు. అందుకని ప్రకటన కాగితంలో 'ఈ ఆటలో మీ బంధువులు' అన్నచోట 'లేరు' అని రాసి సంతకం పెట్టాను. ఆఖరి ఇన్నింగ్సులో మేనేజరు బంతిని గట్టిగానే కొట్టాడు కానీ, పరుగు దారిలో రెండో మజిలీ, అంటే రెండో బేసు, చేరేసరికి కాలు బెణికింది. వాళ్ళు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. మేనేజరు కుంటుకుంటూ మెట్ల వైపు చెయ్యి ఊపి, "నా బదులు నువ్వు పరిగెత్తు" అన్నాడు. దెబ్బ తగిలితే పట్టీలో లేనివాణ్ణి కూడా దింపొచ్చు మా లీగులో. మా ఆయన నడుంనొప్పి అక్కడే మెట్ల మీద వదిలేసి వచ్చాడు. నేను కార్డు మీద 'పదిహేడు బదులు నాలుగు' అని రాసుకున్నాను. నాలుగో నంబరు చొక్కా. ఆ పొద్దునే నేను ఇస్త్రీ చేసిన చొక్కా.

నియమం ప్రకారం అక్కడే ఆట ఆపి, ఈయన నా భర్త అని చెప్పి, బేసుల దగ్గర నిలబడే రెండో అంపైరుకి నా చోటు ఇచ్చెయ్యాలి. నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదంటే, ఆ పది నిమిషాలూ ఆయన నా భర్త అని నాకు గుర్తు రాలేదు.

ఇది చెబితే ఎవరూ నమ్మరు. కానీ మాస్కు పెట్టుకుని వంగి నిలబడ్డాక నాకు కనిపించేవి బంతి, కర్ర, కాళ్ళు, గ్లవ్వు మాత్రమే. నాలుగో నంబరు మూడో బేసు దాటింది. బంతి వస్తోంది. నాలుగో నంబరు జారింది. గ్లవ్వు తగిలింది. తర్వాత కాలు ప్లేటుని తాకింది. ఔట్. దుమ్ము సర్దుకున్నాక కింద నుంచి నన్ను చూస్తున్న ముఖం ఎక్కడో తెలిసినట్టు అనిపించింది.

ఆ సోమవారం సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఒక కాగితం తెచ్చాడు. మేనేజరు సంఘానికి పంపిన ఫిర్యాదు నకలు. భర్త ఆడుతున్న సంగతి దాచి తీర్పు చెప్పినందుకు నా సభ్యత్వం రద్దు చెయ్యాలని. నేను నియమావళి తెరిచాను. తొమ్మిదో నియమం. దాచినట్టు తేలితే సభ్యత్వం శాశ్వతంగా పోతుంది. ఏమరుపాటు అయితే ఆరు వారాలు మైదానంలో దిగకూడదు, మళ్ళీ రాతపరీక్ష రాయాలి. ఏది అన్నది కమిటీ తేలుస్తుంది.

"నువ్వేం భయపడకు," అన్నాడు మా ఆయన, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మేనేజరు గారు మంచి మనిషి. నిన్ను ఇరికించాలని ఆయనకేం లేదు. దుమ్ము లేచింది, సరిగ్గా కనపళ్ళేదు, తప్పు చెప్పానని ఒక్క ముక్క రాసిస్తే చాలంట. సెమీఫైనల్ మళ్ళీ పెడతారు. ఫిర్యాదు వెనక్కి తీసేసుకుంటారు. నీ కార్డు నీ దగ్గరే ఉంటుంది."

"కనపడిందిగా," అన్నాను.

"అబ్బ, కనపడితే ఏంటి? ఆఫీసులో నా మొహం మీదే నవ్వుతున్నారు. గడప దగ్గర ఔట్ అయ్యాడని పేరు పెట్టారు నాకు. టీ తెచ్చేవాడు కూడా అంటున్నాడు. ఒక్క ముక్కే కదా, ఎప్పుడూ అనేదేగా."

అది నిజం. ఎప్పుడూ అనేదే. తాళంచెవులు ఆయన జేబులోనే దొరికిన రోజు, "నేనే గుర్తు చెయ్యాల్సింది" అన్నాను. ఆయన రైలు తప్పిపోయిన రోజు టిఫిన్ ఆలస్యమైందని నేనే ఒప్పుకున్నాను. ఆ రోజు టిఫిన్ ఏడింటికే పెట్టాను. వాళ్ళ చెల్లెలు అలిగి వెళ్ళిపోయినప్పుడు, నేను ఏం అన్నానో నాకే తెలియకపోయినా ఫోను చేసి క్షమించమన్నాను. తప్పు నాదే అనడం ఆ ఇంట్లో దీపం ఆర్పడం లాంటిది, అది అన్నాక అందరూ హాయిగా పడుకుంటారు. ఇరవై రెండేళ్ళలో ఎన్నిసార్లు అన్నానో, అన్నిసార్లూ అది నాకు పెద్ద విషయంగా తోచలేదు. ఇప్పుడు మాత్రం అనలేకపోయాను. ఆ మాట ఇంట్లో ఎంత అన్నా ఇంట్లోనే ఉంటుంది. మైదానంలో అంటే, ఆ రోజు సరిగ్గా బంతి పట్టి, సరిగ్గా గ్లవ్వు తగిలించిన మెకానిక్కు కష్టం కూడా అబద్ధమైపోతుంది.

ఇంతలో ఆయన కళ్ళు తీగ మీద ప్యాంటు మీద పడ్డాయి. "ఇదేంటి, మరక పోలేదు?"

"అది మట్టి కాదు. డిపో నూనె."

"అది ఎప్పటిదో అయ్యుంటుంది," అన్నాడు ఆయన.

"ఎప్పటిదిరా?" అంది అత్తయ్య లోపల్నుంచి. "ఆదివారం పొద్దున మడత పెట్టి నీ సంచీలో పెట్టింది నేను. మల్లెపువ్వులా ఉంది."

"నువ్వు చెప్పమ్మా, నువ్వు అక్కడే కూర్చున్నావుగా. నేను ఔటా?"

అత్తయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి కొడుకు వంక చూసింది, నా వంక చూసింది. "నా కళ్ళజోడు ఆ రోజు పెట్టెలో ఉంది," అని లోపలికి వెళ్ళిపోయింది. కళ్ళజోడు లేకుండా ఆవిడ మైదానానికి ఏనాడూ రాలేదు.

శనివారం సాయంత్రం విచారణ. మధ్యలో ఉన్న నాలుగు రోజులూ మా ఆయన నాతో చాలా మర్యాదగా ఉన్నాడు. నా కప్పు కూడా తీసి సింకులో పెట్టాడు ఒకసారి. అత్తయ్య భూతద్దం పెట్టుకుని నియమావళి మొత్తం చదివింది. గురువారం మధ్యాహ్నం షాపుకి ఫోను చేసి మరీ, "ఏమే, తొమ్మిదో నియమంలో భర్త, పిల్లలు, అన్నదమ్ములు, అందరూ ఉన్నారు, అత్తగారు మాత్రం లేరు. అంటే నేను ఆడితే నువ్వు తీర్పు చెప్పొచ్చన్నమాట" అంది. "మీరు ఆడితే నేను నేరుగా ఔట్ ఇచ్చేస్తాను అత్తయ్యా" అన్నాను. ఇద్దరం నవ్వుతుంటే, ఎదురుగా అక్షరాలు చదువుతున్న పెద్దాయన అద్దాలు తీసి ఏమైందని చూశాడు.

నవ్వానే కానీ, లోపల ఆ కార్డు పోతుందేమోనన్న బెంగ ఉంది. నా ఫోటో, సభ్యత్వ సంఖ్య, కింద 'అంపైరు' అని మాత్రమే ఉన్న కార్డు అది. ఎవరి భార్య, ఎవరి తల్లి అని అడిగే గడులు దాని మీద లేవు. శనివారం షాపు నుంచి వచ్చి చీర మార్చుకుంటుంటే తీగ మీద ఆ ప్యాంటు ఊగుతూ కనిపించింది. దాన్ని సంచీలో పెట్టుకుని వెళ్తే చాలు, అందరి నోళ్ళూ మూతపడతాయి. తీగ దాకా వెళ్ళాను. క్లిప్పు మీద చెయ్యి వేశాను. అప్పుడు అనిపించింది, రుజువులు చూపించి మాట నమ్మించుకోవడం నేను ఇంట్లో చేసేపని. పాలు ఎందుకు విరిగాయో, బస్సు ఎందుకు ఆలస్యమైందో, అన్నిటికీ రుజువులు. అంపైరు చూసింది చూసిందే. క్లిప్పు వదిలేసి వచ్చేశాను.

సంఘం గది సైకిలు షాపు మీద మేడ మీద ఉంటుంది. ఒక బల్ల, బల్ల వెనక ముగ్గురు. మధ్యలో పోస్టుమాస్టరుగారు, ఒక పక్క బేకరీ యజమాని, ఇంకో పక్క బడిలో డ్రిల్లు టీచరమ్మ. ఎదురుగా మడత కుర్చీల్లో మేనేజరు కాలికి కట్టుతో, మా ఆయన, నేను. అత్తయ్యని లోపలికి రానివ్వకూడదు కానీ, ఆవిడ తన ప్లాస్టిక్ కుర్చీ తనే తెచ్చుకుని గుమ్మం అవతల వేసుకుంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు.

మేనేజరు లేచి బాగానే మాట్లాడాడు. "భర్త మీద ప్రేమ ఉంటే ఒక తీర్పు, కోపం ఉంటే ఒక తీర్పు. ఏదైనా అది తీర్పు కాదు సార్. ఆవిడ సరిగ్గా కనపళ్ళేదని రాసిస్తే మేము కూడా పట్టించుకోం. ఇంటి మనిషే కదా."

పోస్టుమాస్టరుగారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, రాసిస్తావా?"

"లేదండి. నాలుగో నంబరు ఔటే. గ్లవ్వు ముందు తగిలింది, కాలు తర్వాత వచ్చింది. దాంట్లో నేను మార్చేదేం లేదు. ఆయన దిగినప్పుడు ప్రకటన చెయ్యకపోవడం మాత్రం నా తప్పు. దానికి ఏ శిక్ష ఉంటే అది రాయండి."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. తప్పు నాదే అన్న మాట నా నోట్లోంచి వచ్చింది కానీ, ఆయన అడిగిన తప్పు కాదు అది.

"ఎందుకు ప్రకటించలేదు?" అంది టీచరమ్మ. ఆవిడ పెన్ను బల్ల మీద ఆగింది. సభ్యత్వం మొత్తం ఆ ప్రశ్న మీదే ఉందని నాకు తెలుసు.

"ఆయన నా భర్త అని అప్పుడు గుర్తు లేదండి."

బేకరీ ఆయనకి దగ్గు వచ్చింది. మేనేజరు చేతులు చాపి, "చూశారా సార్, ఎవరైనా నమ్ముతారా? ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి మర్చిపోతుందా?" అన్నాడు. గుమ్మం అవతల నుంచి, "ఇరవై రెండు," అంది అత్తయ్య.

టీచరమ్మ నవ్వలేదు. మా ఆయన వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మీరు జారుకుంటూ వచ్చి పడ్డారు కదా, అప్పుడు ఆవిడ మిమ్మల్ని చూసింది. గుర్తుపట్టిందా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఒక్క మాటతో అయిపోతుంది. పట్టింది అంటే చాలు, నేను దాచినట్టే. మేనేజరు ఆయన వంకే చూస్తున్నాడు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు, చొక్కా గుండీ పట్టుకుని తిప్పాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఆయన చెవి గోక్కుంటాడు, గుండీ తిప్పడు.

"లేదండి," అన్నాడు. "పట్టలేదు. నడుం పట్టేసి నేను లేవలేకపోయాను అక్కడ. మామూలుగా అయితే నేను తుమ్మితేనే మంచినీళ్ళు తెస్తుంది. ఆ రోజు నన్ను చూసి, 'ప్లేటు మీంచి జరగండి' అంది. ఎవరో దారిన పోయేవాణ్ణి అన్నట్టు. పెళ్ళయ్యాక, నాకేదో చేసిపెట్టే పని లేకుండా ఆవిడ నన్ను చూడటం అదే మొదటిసారి. నాకు వింతగా అనిపించింది." ఆగి, "నేనే ఎవరో కొత్తవాణ్ణి అయిపోయినట్టు" అని కూర్చున్నాడు.

నేను మా ఆయన వంక చూశాను. ఆయన అంత గమనించి ఉంటాడని నేను అనుకోలేదు. ఔటా కాదా అని మాత్రం ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. ఏమరుపాటు. ఆరు వారాలు నిలుపుదల, మళ్ళీ రాతపరీక్ష, తీర్పు మారదు. కార్డు బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. పోస్టుమాస్టరుగారు దాన్ని పోస్టాఫీసులో రిజిస్టరు ఉత్తరం తీసుకున్నట్టు రెండు చేతులా తీసుకుని, రసీదు రాసిచ్చారు. "ఏడో ఆదివారం పొద్దున తీసుకోమ్మా," అన్నారు. శిక్ష పడి ఇంత సంతోషంగా మెట్లు దిగినదాన్ని నేనేనేమో. ఎంత తప్పు చేశానో అంతకే పడింది, దానికి ఆఖరి తేదీ కూడా ఉంది.

కింద సైకిలు షాపు దగ్గర మా ఆయన స్కూటరు తిప్పుతూ, "పోనీలే, ఒకందుకు మంచిదే. ఆరు ఆదివారాలు ఇంట్లో ఉంటావు. చెల్లి వాళ్ళని భోజనానికి పిలుద్దాం," అన్నాడు.

నేను రసీదు విప్పి స్కూటరు లైటు వెలుగులో ఆయన ముందు పెట్టాను. "చదవండి. మైదానం లోపలికి దిగకూడదని ఉంది. ఇంట్లో ఉండాలని ఎక్కడుందో చూపించండి."

ఆయన నిజంగానే చదివాడు. ఆయన భుజం మీంచి అత్తయ్య కూడా చదివింది. "లేదురా," అంది. "మొత్తం చూశాను."

ఆ ఆరు ఆదివారాలూ అత్తయ్యా నేనూ మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ, బన్నులు. కూరగాయలు తీసుకెళ్ళలేదు. అయిదేళ్ళలో మొదటిసారి, చేతుల్లో ఏ పనీ లేకుండా ఆట చూశాను. ఇంట్లో వంట ఎవరు చేశారని అడగొద్దు, నేనూ అడగలేదు. మొదటివారం గ్యాసు పొయ్యి మీద గిన్నె మాడిపోయి ఉంది. మూడోవారానికి గిన్నె బాగానే ఉంది. అయిదోవారం మా ఆయన, "నీకూ ఉంచాను, ఉప్పు చూసుకో," అన్నాడు. ఉప్పు ఎక్కువైంది. అది ఏ నియమం కిందికీ రాదని చెప్పి తినేశాను. డిపో జట్టు ఫైనల్లో గెలిచింది. మెకానిక్కు మెట్ల దాకా వచ్చి, చెయ్యి కలపబోయి, తన అరచెయ్యి చూసుకుని నమస్కారంతో సరిపెట్టాడు.

పరీక్ష ఆరోవారంలో. నాతోపాటు రాసినవాళ్ళందరూ మా అమ్మాయి ఈడు వాళ్ళు. ఏడో ప్రశ్న: ఆట మధ్యలో అంపైరు జీవిత భాగస్వామి బరిలోకి దిగితే అంపైరు ఏం చెయ్యాలి? తలెత్తి చూశాను. పోస్టుమాస్టరుగారు కిటికీలోంచి ఆకాశం చూస్తున్నారు. నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి.

ఏడో ఆదివారం. కొత్త సీజను మొదటి రోజు. పొద్దున ఎనిమిదింటికి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాను. బ్రష్షు జేబులో ఉంది. సంఘం గదికి వెళ్ళి కార్డు తీసుకుని, అటునుంచి మైదానానికి. మా ఆయన జట్టు రెండో మైదానంలో, నేను మొదటి మైదానంలో, ముందే రాసిచ్చేశాను. కుళాయి దగ్గర నీళ్ళ చప్పుడు అవుతోంది. చూస్తే నా పీట మీద మా ఆయన. ఒళ్ళో ఆ తెల్ల ప్యాంటు. ఆరు వారాల క్రితం దాన్ని అలాగే మడిచి ఆయన అరలో పెట్టాను. ఆయన తడి మీద తడి, సబ్బు మీద సబ్బు వేసి రుద్దుతున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి.

"ఇది పోవట్లేదేంటి?" అన్నాడు తలెత్తకుండా.

"అలా పోదు."

"మరెలా పోతుంది? నీకు తెలుసుగా."

రెండో తాడు ముడి వేశాను. "తెలుసు. అది ఎలా అయిందో మీరు చెప్పండి, ఎలా పోతుందో నేను చెప్తాను."

రుద్దడం ఆగింది. వంటింటి కిటికీలో అత్తయ్య గిన్నెల చప్పుడు కూడా ఆగింది. ఆయన చెయ్యి చెవి దాకా వెళ్ళి, సబ్బు నురగ చూసుకుని, వెనక్కి వచ్చింది.

"గ్లవ్వు తగిలింది," అన్నాడు. "ప్లేటుకి ఇంకా ఇంత దూరం ఉండగానే." తడి చేతులతో దూరం చూపించాడు. నేను అనుకున్న దానికంటే ఎక్కువే ఉంది.

"ఆరనిచ్చి సుద్దపొడి చల్లండి. నూనె పీల్చేసుకుంటుంది. గంటాగి దులిపి, అప్పుడు సబ్బు," అని చెప్పి, మాస్కు భుజానికి తగిలించుకుని, అత్తయ్య కుర్చీ ఒక చేత్తో పట్టుకుని గేటు తీశాను. మరక పోయిందో లేదో నేను చూడలేదు. ఆట పదింటికి.